పెరటి తలుపుకి సైరన్ వద్దు

ఏవండీ,

కెమెరాలతను మధ్యాహ్నం వస్తాడు. వీధి గేటుకి మీకు నచ్చిందే పెట్టించండి. పెరటి తలుపుకి మాత్రం సైరన్ మోగేది వద్దు. చప్పుడు చెయ్యకుండా మన ఫోన్లకి మెసేజ్ పంపేది తీసుకోండి.

రోజూ సాయంత్రం ఆ గడియ తీస్తున్న దొంగ దొరికాడు. మావయ్యగారే. పెట్టి చూడమని కెమెరాలతను ఇచ్చి వెళ్ళిన కెమెరా నిన్న మీరు లేనప్పుడు ఒక్కసారిగా కేకలు పెట్టింది. పరుగెత్తుకెళ్తే ఆయన ఒక చేత్తో చెవి మూసుకుని, రెండో చేత్తో గడియ పట్టుకుని ఉన్నారు. "మీ అత్తయ్య డ్యూటీ దిగే వేళయిందమ్మా. తలుపేసుంటే ఎలా వస్తుంది?" అన్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోవాలని అత్తయ్యగారు ఎప్పుడూ పెరటి వైపు నుంచే వచ్చేవారు కదా. ఆ వేళ ఆయనకి గుర్తుంది. ఆవిడ పోయారన్న సంగతే మరిచిపోతున్నారు.

మీ పోలీసు ప్రశ్నలతో ఆయన్ని వేధించకండి. మెసేజ్ వస్తే వెళ్ళి కాసేపు పక్కన నిలబడండి. ఆయన లోపలికి వచ్చాకే గడియ వెయ్యండి.

కూర ఫ్రిజ్‌లో ఉంది. గిన్నె మళ్ళీ మాడ్చకండి.

అన్నట్టు, ఇవాళ సాయంత్రం నేను పెరటి వైపు నుంచే వస్తాను. ఆయన అంత ఆశగా తలుపు తీసినప్పుడు ఎవరో ఒకరు రావాలిగా.