పట్నం జట్టు మా మైదానానికి వచ్చిన ఆదివారం

ఎర్లెన్‌గ్రుండ్, ఆగస్టు 1994

ప్రియమైన తమ్ముడు లోథర్‌కి,

ప్రియమైన అని రాయడం అమ్మ నేర్పిన అలవాటు, అంతే. మురిసిపోకు.

మీ పట్నం ఫుట్‌బాల్ క్లబ్బు దివాలా తీసి అట్టడుగు తరగతికి పడిపోయిందని పేపర్లో చదివి కడుపు నిండా బీరు తాగాను. అట్టడుగు తరగతి అంటే మేమే. వచ్చే నెల మొదటి ఆదివారం మీవాళ్లు మా మైదానానికి వస్తున్నారు.

నలభై ఏళ్ల కిందట ఈ మైదానం గేటు ముందుకే, అప్పుడు దేశాన్నేలిన పార్టీవాళ్లు లారీ పంపారు. పట్నానికి మంచి జట్టు కావాలట, మన జట్టునంతా ఎక్కమన్నారు. నాన్న తయారుచేసిన కుర్రాళ్లందరూ తలలు దించుకుని ఎక్కారు. నువ్వొక్కడివే నవ్వుతూ ఎక్కావు. నేను ఎక్కనన్నాను, మళ్లీ నన్ను ఏ జట్టులోనూ ఆడనివ్వలేదు. నువ్వు పట్నంలో కప్పులు గెలిచావు. నాన్న మాత్రం తను పోయేదాకా మళ్లీ ఈ మైదానం వైపు తొంగిచూడలేదు. అది నేను మరిచిపోలేదు.

రా. కంచె దగ్గర నిలబడి మీవాళ్లు మట్టికరవడం నువ్వు చూడాలి. అప్పుడు నీ ముఖం నేను చూడాలి.

నీ అన్న,
ఎవాల్డ్


ఎర్లెన్‌గ్రుండ్, సెప్టెంబరు 1994

ఒరేయ్ లోథర్,

వచ్చావు. సాసేజీల బండి వెనక టోపీ ముఖం మీదికి లాక్కుని నిలబడితే గుర్తుపట్టననుకున్నావా?

రిఫరీ రాలేదు. మా తరగతిలో అది మామూలే. రెండు జట్లూ ఒప్పుకున్న మనిషెవరైనా విజిల్ ఊదుతాడు. మీ కెప్టెన్ తిన్నగా నా దగ్గరికి వచ్చి నన్నే ఊదమన్నాడు.

"నేనెవరో తెలుసా నీకు?" అన్నాను.

"తెలుసండీ. లోథర్ గారే చెప్పారు. మా అన్నకి మీరంటే ఒళ్లుమంట, అయినా దొంగాట ఆడడు, ఆయన్నే అడగండి అన్నారు."

ఇన్నేళ్లు దాచుకున్న కసి నాది. ఒక్క మాటతో నా చేతులు కట్టేశావు కదరా.

ఆఖరి నిమిషాల్లో ఆట చెరో గోలు మీద ఉంది. మావాడు గోలు ముందు మీవాడికి కాలడ్డం పెట్టి పడేశాడు. నేను చూడనట్టు ఉంటే సరిపోయేది. ఉండలేకపోయాను. ఊదాను, పెనాల్టీ ఇచ్చాను, మీరు గెలిచారు. ఇప్పుడు బార్లో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. తమ్ముడికి కానుక బాగా ఇచ్చావని మిల్లులో నాతో పనిచేసినవాళ్లే ఎత్తిపొడుస్తున్నారు.

అప్పుడు జట్టుతో పోయావు, ఇప్పుడు నా పగ కూడా పట్టుకుపోయావు. దీనికి మాత్రం నిన్ను క్షమించను.

వసంతంలో మళ్లీ ఆట ఉంది, మీ మైదానంలో. వస్తున్నాను. ఈసారి విజిల్ ఇంకెవడో ఊదుతాడు, నా నోరు ఖాళీగా ఉంటుంది. మీవాళ్లని, నిన్ను, గొంతు పోయేదాకా తిడతాను. దూరం నుంచి తిడితే నీకు వినపడదు. నీ పక్కన నాకు చోటు ఉంచు.

నీ అన్న,
ఎవాల్డ్