వెనక్కి వేసే అడుగు

మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. నీళ్ల డ్రమ్ము కడిగి నింపాను.

నిన్నటితో నీ సంవత్సరీకం అయింది. ఆదివారం మన బిడ్డ సుజాత పెళ్లి. ముందురోజు సంగీత్‌లో నాతో జంట డాన్సు చేయాలని దాని కోరిక. నేను ముద్ఖేడ్ రైలు డ్యూటీ దిగి ఇంటికొచ్చిన రోజుల్లో, ఫోన్‌లో పాఠాలు చూస్తూ మనం నేర్చుకున్న డాన్సే.

ఇవాళ బల్ల పక్కకు జరిపి, దాని చేయి పట్టుకుని వెనక్కి అడుగు వేశాను. అదీ వెనక్కే వేసింది. చేతులు విడిపోయాయి.

"అరే నాన్నా, అది ఆడోళ్ల అడుగు! నువ్వు ముందుకు రావాలె."

"నాకు గిదే వచ్చు బిడ్డా. మీ అమ్మ ముందుకు వస్తుంటే నేను వెనక్కి పోయెటోణ్ణి."

నడిపించడానికి నేను సిగ్గుపడితే, మగవాడి అడుగులు నువ్వే నేర్చుకున్నావు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు మనం.

సుజాత ఫోన్‌లో పాఠం ఆపేసింది.

"అయితే నేనే అమ్మ లెక్క వస్త. నువ్వు గట్లనే పో."

నాలుగు అడుగులు వెళ్లాక నా వీపు వెనక చేయి అడ్డం పెట్టి, "గోడ వచ్చింది, ఆగు" అంది. నువ్వూ సరిగ్గా అక్కడే ఆపేదానివి.

బల్ల ఇంకా పక్కనే ఉంది. దాన్ని శనివారం దాకా అక్కడే ఉంచుతాను.