ఫ్లెక్సీకెక్కిన పొట్ట

హర్షిణి వాళ్ల నాయనా,

ఉగ్గాని చేసి మూత పెట్టినా. పాలు ఇంకా కాంచలే, చూసుకో. పార్లర్‌కు పొట్ట తగ్గించే మిషన్ కొనేకి హైదరాబాదు పోతాండా. కోత లేకుండా చల్లదనంతోనే కొవ్వు కరిగిస్తాదంట. రేపు మాపటికి వస్తా.

మొన్న బనగానపల్లె పెండ్లిలో, బంతిలో అందరి ముందర ఏమన్నావు? "మా యామే వడ్లగాదె మాదిరి ఉండాది, ఆమె పార్లర్‌కు ఎవరొస్తారప్పా" అని నగినావు. నేను నీ వెనక బంతిలోనే ఉండా. అన్నీ విన్నా.

నిన్న మధ్యాన్నం నువ్వు బనీను ఎగదీసుకొని గురక పెడ్తాంటే ఫోటో తీసినా. మీ లీడరు పక్కన ఫ్లెక్సీలో పడాలని ఎన్నేండ్ల నుంచి తిరుగుతాండావో కదా! నా పుణ్యాన పడినావు. ఆత్మకూరు బస్టాండు కాడ, మిషన్ ప్రచారానికి, 'ముందు' అని రాసిన చోట నీ పొట్ట, మొగంతో సహా. 'తర్వాత' అని రాసిన చోటు ఖాళీగా పెట్టించినా. అది నిండాలంటే ఎల్లుండి వచ్చి ఆ మిషన్ కింద పండుకో.

తనూజ

ఇంకోటి. ఫ్లెక్సీ చించేకి పరిగెత్తొద్దు. నీ పొట్ట పైన మీ లీడరు దండం పెడ్తాండే ఫోటో గూడా వేయించినా. చించే ధైర్యముంటే చించు.