సింకు కింద వాల్వు

ఏమండీ, సింకు కింద వాల్వు ముట్టుకోకండి. సింకు నీళ్లు సముద్రంలోకి పోయే గొట్టం ఊడదీశాను. ఇప్పుడా వాల్వు తిప్పారంటే సముద్రం నేరుగా పడవలోకి వస్తుంది. కొలత చూపించడానికి పాత గొట్టం పట్టుకుని కొట్టుకి వెళ్తున్నాను.

నిన్న మీరు "నాకు తెలుసులేవే" అంటూ సింకు గొట్టాన్ని తీసుకెళ్లి డెక్కు మీది వాననీళ్లు పోయే గొట్టానికి బిగించారు. నేను కింద గిన్నెలు కడిగితే, పైన పేపరు చదువుకుంటున్న మామయ్యగారి కాళ్ల దగ్గర నురగ పొంగింది. పాపం, పడవ మునిగిపోతోందనుకుని ఆయన వేసుకున్న లైఫ్‌జాకెట్ ఇంకా విప్పలేదు.

ఫ్లాస్కులో టీ ఉంది. తాగిన కప్పు బకెట్లో కడగండి.

మరో మాట. మీరు ముందు తిప్పి తర్వాత చదివే రకం కాబట్టి, వాల్వు పిడి ఊడదీసి నా సంచీలో వేసుకెళ్తున్నాను. పడవ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. మీకేమో ఈత రాదు.