బ్లాక్ డైమండ్ రాక్ బ్యాండ్ సౌండు పంపకం

ఖమ్మం జిల్లా, టేకులపల్లి మండలంలోని తండా వాస్తవ్యుడను, కీర్తిశేషుడు బానోత్ హరియా కొడుకును, వయసు యాభై మూడు సంవత్సరాలు, బొగ్గుబాయిలో పంపు ఆపరేటర్‌గా చేసి ముందస్తుగా పదవీ విరమణ తీసుకున్నవాడను, బ్లాక్ డైమండ్ రాక్ బ్యాండ్ వ్యవస్థాపకుడను అయిన బానోత్ లాల్‌సింగ్ అను నేను, తెలివి పూర్తిగా ఉండగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, ఇష్టపూర్వకంగా రాసుకున్న మరణశాసనం.

తెలివి పూర్తిగా ఉన్నదని రాయాల్నట, రాసిన. మే నెలల, ఖమ్మం జిల్లల, తోలు జాకెట్ ఏసుకొని మూడు గంటలు గిటార్ వాయించినోనికి తెలివి ఉన్నదంటే ఏ జడ్జి నమ్ముతడో నాకెర్క లేదు. అయితే దవాఖానోళ్లిచ్చిన కాయితంల గుండె గురించే రాసిండ్రు, తలకాయ గురించి ఏం రాయలే. గది చాలు.

ఈ నెల ఇరవై తొమ్మిదిన హైదరాబాద్‌ల నాకు గుండె ఆపరేషన్. మార్చి ఆరున నా బిడ్డ భాను పెండ్లి. నడుమల నాకేమన్న అయితే ఎవలూ పరేషాన్ కావద్దని ఇది రాస్తున్న. దస్తావేజులు రాసేటాయన దగ్గరికి పోతే ఇల్లు, భూమి చెప్పు, పది లైన్లల ముగిస్తనన్నడు. నాకు కోపమొచ్చి కాయితాలు గుంజుకొని వచ్చిన. చేతిరాత నాదే, తప్పులూ నాయే.

1. తండాలోని నా పెంకుటిల్లు, దాని వెనుక ఖాళీ జాగ, చెరువు కింది రెండెకరాల మిరప చేను నా తదనంతరం నా భార్య సక్రికి సర్వహక్కులతో చెందవలెను. ఆ చేను చేసింది ఎప్పుడూ ఆమెనే. నేను గట్టు మీద నిలబడి గిటార్ శృతి చేసుకున్న. నాకు వారసత్వంగా ఇచ్చే హక్కు ఉన్నదా అని కూడా డౌటే.

2. నా మొదటి గిటారు, దానితోపాటు మొదటి స్పీకరు ఏన్కూరు టెంట్ హౌస్ వెంకటరామారావు గారి కొడుకు నాగచైతన్యకు ఇవ్వవలెను. ఈ పిల్లగాడు ఇంజనీరింగ్ చదువుతున్నడు. అంకుల్, మీ 2000 నాటి సౌండే అసలు సౌండు, తర్వాత మీరు అమ్ముడుపోయారు అని నా మొఖం మీదనే అన్నడు. నాయనా, అసలు సంగతి ఇప్పుడు చెప్తున్న విను. ఆ గరగర, ఆ పగిలిన గొంతు లెక్క వచ్చిన సౌండు మేము కావాలని చేసింది కాదు. వానకు తడిసి స్పీకర్ అట్ట చినిగింది. బాగుచేయించనీకి ఓపిక లేక, ఇది రాక్ అని చెప్పినం. జనం నమ్మిండ్రు. రెండు నెలలైనంక మేము కూడా నమ్మినం.

మా మొదటి ప్రోగ్రాం పర్ణశాలల. రాములవారి కాడికి వచ్చిన యాత్రికుల ముందల నల్లబట్టలేసుకొని నలుగురం ఎక్కినం. రెండో పాట నడుమల కమిటీ ఆయన వచ్చి మైకు తీసుకొని, చెప్పులు పోయినోళ్లు ఆఫీసు కాడికి రావాలె అని అనౌన్స్ చేసిండు. జనం చప్పట్లు కొట్టింది దానికే. నేను మాత్రం వంగి దండం పెట్టిన.

3. నా తోలు జాకెట్టు, పొడుగు జుట్టు విగ్గు, నల్ల కళ్లద్దాలు మా పక్క చేను గంగక్కకు చెందవలెను. కోతులు ఆమె మక్కజొన్నను బతకనిస్తలేవు. కట్టెకు తొడిగి నిలబెడితే సరిపోతది. పోయినేడు నేను ఆ జాకెట్ తోటే ఆమె చేన్ల నుంచి నడిచిపోతుంటే కోతులు ఉరికినయి. బ్యాండ్ చరిత్రల అంత జల్దీ స్పందించిన ప్రేక్షకులు వేరే లేరు.

4. మా చిన్నాయన కొడుకు, మా బ్యాండ్ డ్రమ్మర్, మా గోడవతలి ఇంట్ల ఉండే బానోత్ వీరన్నకు డ్రమ్ము సెట్టు ఇద్దామంటే అది లేదు. ఎన్నడో అమ్ముకున్న. అందుకని ఇయ్యగలిగింది ఒప్పుకోలు ఒక్కటే. దీన్ని తండా పెద్దల ముందు గట్టిగా చదవవలెనని అమలుదారును కోరుతున్న.

2003ల ఊళ్లళ్ల ప్యాడ్లు వచ్చినయి. వేలుతోటి తడితే డ్రమ్ము మోగుతది. డ్రమ్ము సెట్టుకు ట్రాలీ ఆటో కావాలె, ప్యాడును చంకల పెట్టుకొని బస్సెక్కొచ్చు. సౌండు మార్చాలె, కాలం తోటి పోవాలె అని నేను పెద్ద లెక్చర్ ఇచ్చిన. కానీ వీరన్నను తీసెయ్యనీకి ధైర్యం చాలలే. డ్రమ్ము సెట్టుకు మైకులు పీకేసి, తెర వెనక ఇంకో పోరగానితోటి ప్యాడు కొట్టించి, వాడిని ముందల ఉత్తగ కొట్టనిచ్చిన. వాడికి చెప్పలే.

టేకులపల్లిల ఒక వార్షికోత్సవంల, పాట నడుమల, వాడి చేతి నుంచి కర్ర జారి కింద పడ్డది. వాడు వంగి తీసుకుంటున్నడు, డ్రమ్ము మోగుతనే ఉన్నది. పిల్లలు పడీపడీ నవ్విండ్రు. వీరన్న కర్రను డ్రమ్ము మీద పెట్టిండు. తర్వాత లేచి తన స్టూలు చంకల పెట్టుకొని ఇంటికి నడిచిపోయిండు. వాడికి తాళజ్ఞానం లేదు, అందుకే పంపించినమని నేను ఊరంతా చెప్పుకున్న. అది అబద్ధం. ఆ బ్యాండ్ల తాళం తెలిసినోడు వాడు ఒక్కడే. ఆరేండ్ల సంది గోడకవతల వాడు, ఇవతల నేను. మాట లేదు. తప్పు నాది, సిగ్గు కూడా నాదే.

5. ఇది పెద్ద అంశం. నా కంప్యూటర్, అందులోని హార్డ్‌డిస్క్, బీరువలోని ముప్పై రెండు సీడీలు, ఒక క్యాసెట్ సక్రికి చెందవలెను. ఆమె వాటిని దాచుకోవచ్చు, పొయ్యిల పెట్టొచ్చు, రోకలితో దంచొచ్చు. ఎవరూ అడ్డం రావద్దు.

తెలియనోళ్ల కోసం చెప్తున్న. మా లంబాడోళ్లల్ల పెండ్లిపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఒక్కొక్కళ్ల మెడ పట్టుకొని పాడుకుంట ఏడుస్తది. దాన్ని ఢావ్లో అంటం. తల్లి మీద ఒక తీరు, తండ్రి మీద ఒక తీరు, అన్నదమ్ముల మీద ఇంకో తీరు. అది ఊకెనే రాదు, పెండ్లికి ముందు పెద్ద ఆడోళ్లు కూసోబెట్టి నేర్పుతరు. మా తండాల నేర్పేది సక్రినే. ఆమె గొంతు ఎత్తితే పక్క తండా ఆడోళ్లు కూడా పని ఆపుతరు.

2005ల మేము గిటార్లు కూడా బంద్ పెట్టి ఎలక్ట్రానిక్ అయినం. నల్లద్దాలు పెట్టుకొని కీబోర్డు ముందల నిలబడుడు, అంతే. కొత్త సౌండు కావాలె అని తిరుగుతున్న. ఆ ఏడు సక్రి తన అన్న బిడ్డ బాలికి ఢావ్లో నేర్పుతుంటే నేను టేపురికార్డర్ ఆన్ చేసి జొన్నల గుమ్మి వెనక పెట్టిన. ఆ క్యాసెట్ పట్టుకొని ఖమ్మంల ఒక కంప్యూటర్ సెంటర్ల మూడు రోజులు కూసున్న. ఆమె ఊపిరి తీసుకొని ఎక్కిపట్టే జాగను కోసి, మళ్లమళ్ల వచ్చేటట్టు అతికించి, కింద డబడబ బీటు ఏయించిన. అయ్యో, ఎంత బాగ వచ్చిందో. అది చెప్పకపోతే ఈ కాయితం అబద్ధమైతది. నేను బతుకుల చేసిన ఒక్క మంచి పాట అదే, అది నాది కాదు.

ఏన్కూరు నుంచి భద్రాచలం దాంక ప్రతి బారాత్‌ల అదే మోగింది. మా భాష రానోళ్లు కూడా ఎగిరిండ్రు. భాను ఒక్కతే నన్ను పక్కకు పిలిచి, ఇది అమ్మ గొంతు గదా అని అడిగింది. కాదు, బంజారా హిల్స్ దిక్కు ఎవరిదో అని చెప్పిన. అంతకన్న తెలివైన అబద్ధం దొరకలే నాకు.

తర్వాతి ఏడు బాలి పెండ్లి. సాగనంపే వేళ అది సక్రి మెడ పట్టుకొని మొదలుపెట్టింది. సక్రి జవాబు ఎత్తుకున్నది. ఆ ఎక్కిపట్టే జాగ రాంగనే మగపెండ్లోళ్ల పోరగాండ్లు గుర్తుపట్టిండ్రు. ఈల కొట్టి ఎగురుడు మొదలుపెట్టిండ్రు. వాళ్ల తప్పు లేదు, వాళ్లు దాన్ని అట్లనే విన్నరు. సక్రి సగంల ఆపింది. బాలి నోరు కూడా మూతపడ్డది. ఆ పిల్ల పాట లేకుండనే జీపు ఎక్కింది.

ఇంటికి వచ్చినంక సక్రి నన్ను తిట్టలే. ఒక్క మాట అన్నది. "నా ఏడుపుకు డ్యాన్స్ పెట్టినవ్. ఇగ నా దగ్గర ఏడుపు లేదు."

అప్పటి సంది ఆమె పాడలే. తండాల నలుగురు పిల్లలు పెండ్లి చేసుకొని పోయిండ్రు, ఒక్కదానికీ నేర్పలే. మొన్న సంక్రాంతికి ముందు, నా ఆపరేషన్ తారీకు తెలిసినంక, భాను తల్లి కాళ్ల కాడ కూసొని అడిగింది. పాట రాకుండ నేను ఈ ఇంట్ల నుంచి పోను, పెండ్లి వద్దంటే వద్దు అన్నది. సక్రి పూటంతా మిరపకాయలు ఏరుకుంట కూసున్నది. సందెకు చెప్పింది, నేర్పుత, కాని ఈయన మాత్రం తండాల ఉండొద్దు. టేపు వద్దు, ఫోను వద్దు, చెవులు కూడా వద్దు. పెండ్లి రోజు పొద్దుగాల రావచ్చు.

అందుకని ఈ వీలునామా తండాల కాదు, ఏన్కూరుల, వెంకటరామారావు గారి టెంట్ హౌస్ గోదాంల, కుర్చీల దొంతుల నడుమ కూసొని రాస్తున్న. నా ఫోను సక్రి బీరువల పెట్టి తాళం ఏసింది. దవాఖాన నుంచి వచ్చినంక కూడా ఇక్కడికే రావాలెనట. ముప్పై ఏండ్ల కాపురంల నాకు పడిన శిక్ష ఇది ఒక్కటే. తక్కువ పడ్డదని నాకెర్కే.

6. బ్లాక్ డైమండ్ రాక్ బ్యాండ్ అనే పేరు, ఫ్లెక్సీలు, ఇప్పుడున్న డీజే బాక్సులు భానుకు చెందవలెను. 2008 సంది నా పని పెన్‌డ్రైవ్ పెట్టి చెయ్యి పైకి లేపుడే. ఆ పనికి వారసులు అక్కర్లేదు. భాను డిగ్రీల కంప్యూటర్లు చదివింది, సంగీతం నాకన్న ఎక్కువ తెలుసు. సౌండు ఎట్ల మారుస్తదో దాని ఇష్టం. బిడ్డా, మార్చుడు తప్పు కాదు. మనిషిని అడగకుండ మార్చిన, అది తప్పు. నీకు చెప్పే సంగీతం పాఠం ఇంతే ఉన్నది నా దగ్గర. బ్యాండే వద్దనుకుంటే ఆ పేరును నాతోటే బొంద పెట్టు, నేను ఏమనుకోను.

7. నా చావు కాడ డీజే పెట్టరాదు. మా గిరాకీలు ప్రేమకొద్దీ తెస్తరు, వెనుకకు పంపవలెను. 5వ అంశంలోని పాటను అక్కడ ఎవరైనా మోగిస్తే, స్పీకర్ వైరు కోసే అధికారం సక్రికి ఇందుమూలంగా ఇస్తున్నాను.

8. భాను తల్లి దగ్గర నేర్చుకుంటున్న వాటిల్ల తండ్రి మీద పాడేది ఒకటి ఉంటది. అందుల ఏ మాటలు పెట్టిందో నాకు తెల్వదు. తెలుసుకోనీకి ప్రయత్నం చెయ్యలే, గుమ్మి వెనక దేన్నీ పెట్టలే. మార్చి ఆరున నా మెడ పట్టుకొని అది పాడితే, అందరితోపాటు మొదటిసారి విందామని ఉన్నది. ఇంతకుముందు ఏ పాటకూ నేను ఇట్ల ఎదురుచూడలే. మస్తు భయమైతుంది నాకు.

ఒకవేళ నేను అప్పటికి లేకుంటే పెండ్లి ఆపరాదు. ఆ పాట ఆగరాదు. నేను నిలబడాల్సిన జాగల మా తమ్ముడు బానోత్ వీరన్న నిలబడవలెను. భాను అతని మెడ పట్టుకొని ఏడువవలెను. తండ్రి జాగ ఇచ్చేటంత హక్కు వాడి మీద నాకు లేదు. అడిగే మొఖం కూడా లేదు. అయినా ఆ పాటను చెడగొట్టకుండ వినేటోడు నాకు తెలిసి వాడు ఒక్కడే.

ఈ మరణశాసనం అమలుదారుగా టెంట్ హౌస్ యజమాని వెంకటరామారావు గారిని నియమిస్తున్నాను. వారి తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చినా, మా గోల పదేండ్ల సంది భరిస్తున్నరు. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవీ లేవు, పాటలున్నయి, వాటిని రద్దు చేస్తున్నాను.

షరా: వెంకటరామారావు గారు సాక్షి కోసం నాకు చెప్పకుండనే వీరన్నకు కబురు పంపిండ్రు. వాడు ఇయ్యాల పొద్దున బస్సు దిగి వచ్చి, కుర్చీ జరుపుకొని, మొదటి కాయితం నుంచి అంతా చదివిండు. నాలుగో అంశం కాడ కాయితం తిప్పి ముందుకు పోయిండు. వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెడితే రేపు పేచీ వస్తుందండీ, ఎనిమిదో అంశంలో మీ పేరుంది అని వెంకటరామారావు గారు అడ్డం చెప్పిండ్రు. వీరన్న ఎనిమిది ఇంకోసారి చదివిండు. తర్వాత నా దిక్కు చూసిండు.

"ఇది వాటా ఏంది అన్నా, మా ఇంటి పని గదా" అని సంతకం పెట్టిండు.

తేది: 21 జనవరి 2009, బుధవారం
స్థలం: ఏన్కూరు

(సంతకం) బానోత్ లాల్‌సింగ్

సాక్షులు:
1. వెంకటరామారావు, టెంట్ హౌస్, ఏన్కూరు
2. బానోత్ వీరన్న, తండా, టేకులపల్లి మండలం, లాల్‌సింగ్ తమ్ముడు