తలుపు అవతలి పళ్ళ డాక్టరుగారికి

ఏమండీ, వంట చేసి మూత పెట్టాను. వేడి చేసుకుని తినండి, గిన్నె మాడ్చకండి. తలుపు కొడితే మీ ప్రాణాయామం చెదిరిపోతుందని చీటీ రాస్తున్నాను.

పన్ను చూపించుకోవడానికి వీధి చివరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఇంట్లో పళ్ళ డాక్టరుని పెట్టుకుని బయటికి పోవడం నాకూ తలవంపులే. ఏం చేయను? క్లినిక్కుకి తాళం వేశారు, సరే. నిన్న చెంప వాచి నేను నోరు తెరిస్తే, ఆమడ దూరంలో నిలబడి సెల్‌ఫోన్ లైటు వేశారు. "గాలి బాగా పీల్చు, మెల్లగా వదులు, భయం పోతుంది" అన్నారు. నేను వదిలానో లేదో, గదిలోకి దూరి ధడాలున గడియ పెట్టుకున్నారు. ఇంతకీ భయం ఎవరిదండీ?

ఈ మహమ్మారి రోజుల్లో మీకు భయం లేదా అని ఆ డాక్టరమ్మని ఫోన్లో అడిగాను. "భయం లేకేమమ్మా. కానీ మాస్కు తీసి నోరు తెరవాల్సింది నువ్వు కదా, నీకింకా ఎక్కువుంటుంది" అంది. మీరు అనని మాట అది.

మాత్రలు ఫ్రిజ్ మీద ఉన్నాయి, మీ తలనొప్పికి.

మరిచాను: వచ్చాక నేనూ మీ పక్కన కూర్చుని గాలి పీలుస్తాను. గడియ మాత్రం తీసి ఉంచండి.