ముళ్లమ్మ పందెం

ప్రియమైన డ్రైవరుగారికి,

నోటినిండా పుండ్లు. గుక్కెడు నీళ్లు మింగడానికే ప్రాణం మీదికొస్తోంది, ఇక ఫోన్లో ఏం మాట్లాడతాను. అందుకే ఈ ఉత్తరం నర్సమ్మ చేతికిస్తున్నాను.

మొదటి విడత కీమో మందు పనిచెయ్యలేదట. రెండోది ఇంకా గట్టిదట. కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. ఎవర్నీ లోపలికి రానివ్వని ఈ గది అద్దం అవతల నిలబడి మీరు కళ్లు తుడుచుకోవడం చూశాను. ఏం చెయ్యనండీ, నాకు ఓపిక అయిపోయింది.

సరే, ఒక్క పందెం. కిటికీలో నా చిన్న కాక్టస్ మూడేళ్లయినా పుయ్యలేదు కదా. డాక్టరు పెట్టిన గడువు పదిహేనో తారీఖు. ఆలోగా అది పూస్తే సంతకం పెడతాను. లేదంటే నన్ను ఇంటికి తీసుకెళ్లిపోండి, మళ్లీ బతిమాలకూడదు. దానికి ఎండ కావాలి. నీళ్లు పదిహేను రోజులకోసారి నాలుగు చెంచాలు చాలు.

మీ ముళ్లమ్మ

*

ప్రియమైన ముళ్లమ్మకి,

నీకో దణ్ణం, నీ పందేనికో దణ్ణం. నిమ్మకాయంత లేదు, దాని నెత్తిన నీ ప్రాణం పెట్టావు. కడుపు మండి నిన్న దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత భయమేసి, తప్పయిందని చెప్పుకున్నాను.

ఎండ ఎటుంటే అటు తిప్పుతున్నాను. నీళ్లు మాత్రం రోజూ పోస్తున్నాను, కోప్పడకు. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి. నిన్న మూడు స్టాపుల్లో బస్సు ఆపడం మర్చిపోయాను. "గురూ, నువ్వు ఇక్కడ లేవు, పోయి సెలవు పెట్టు" అన్నాడు కండక్టరు. సెలవు పెట్టి ఆ ఇంట్లో ఒక్కణ్నీ ఏం చెయ్యను?

ఇంకా తొమ్మిది రోజులున్నాయి. మొగ్గ లేదు, మొగ్గ జాడా లేదు. నువ్వు పోతే నేనెలా బతకాలో చెప్పకుండా పందేలు వేస్తావేమిటే.

నీ డ్రైవరు

*

ప్రియమైన ముళ్లమ్మకి,

పూసింది. ఫోటో పంపుతున్నాను, చూడు. సరిగ్గా నడినెత్తిన, పసుపుపచ్చగా. పద్నాలుగో తారీఖు పొద్దున లేచేసరికి ఉంది.

మాటంటే మాటే. సంతకం పెట్టు.

ఎక్కువ రాయలేను. టీ కాస్తుంటే బొటనవేలు కాలింది.

నీ డ్రైవరు

*

ప్రియమైన డ్రైవరుగారికి,

ఫోటో నర్సమ్మకి చూపించాను. "అబ్బ, ఎంత బాగుందో" అంది. పాపం ఆవిడ నమ్మింది.

మీకొక సంగతి దాచాను. మొక్కల నర్సరీలో కుండీల్లో మట్టి నింపేదాన్నని చెప్పాను కదా, అది అబద్ధం. ఆరేళ్లు నేను చేసిన పని కాక్టస్‌ల మీద ఎండుపూలు అంటించడం. వేడి జిగురుతో, రోజుకి రెండొందల పూలు. పువ్వుంటే త్వరగా అమ్ముడుపోతుంది. జనం ముచ్చటపడి పట్టుకెళ్లేవాళ్లు. సిగ్గేసి మీకెప్పుడూ చెప్పలేదు. మనింట్లో ఉన్నదానికి మాత్రం చేతులు రాలేదు. దాని పువ్వు అదే పూస్తుందని అడిగి తెచ్చుకున్నాను.

తాతకి దగ్గులు నేర్పారు మీరు. ఆ రకం నడినెత్తిన పుయ్యదండీ, చుట్టూ చిన్న దండలా పూస్తుంది. పైగా జిగురు పక్కకి కారింది. బొటనవేలు కాలింది టీకి కాదు. నాకూ అక్కడే మచ్చ ఉంది, ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదా?

ఫోటో గుండెలకి ఆనించుకుని ఏడ్చాను. చొక్కాకి గుండీ కుట్టుకోవడం రాదు మీకు. అలాంటి మనిషి జిగురెక్కడ తెచ్చారో, ఆ ముళ్లలో చెయ్యి ఎన్నిసార్లు పెట్టారో. నేను చేసిన దొంగపూలన్నిటిలో ఒక్కటీ ఎవరూ బతకాలని చేసింది కాదు.

పందెం మీరు ఓడిపోయారు. అయినా సంతకం పెట్టాను. రేపు పొద్దున్నే మొదలుపెడతారట. భయంగా ఉంది, చాలా భయంగా ఉంది. అద్దం దగ్గర నిలబడండి.

ఆ పువ్వు పీకకండి, పైచర్మంతో సహా ఊడొస్తుంది. నేనొచ్చి తీస్తాను. అందాకా నీళ్లు పోయకండి.

మీ ముళ్లమ్మ